వదిన ఎందుకు ఏడ్చిందంటే

రా తల్లీ, ఇలా కూర్చో. ఉద్యోగం ఏమిటన్నావ్? ఎన్నికల్లో నిలబడేవాళ్ల వీడియోలు తీసి ఫోన్లలో తిప్పడమా? మంచిదే. అయితే మా వదిన సంగతి వినాలి నువ్వు. మీ పెద్దనానమ్మే. నువ్వు బళ్లో చదివే రోజుల్లోనే పోయింది, ఈ సంగతి నీకు తెలిసుండదులే. అన్నయ్యా తనూ ఇస్త్రీ కొట్టు నడిపేవాళ్లు. అన్నయ్య పోయాక మా ఇంట్లోనే ఉంటూ కొట్టు ఒక్కతే చూసుకునేది. గట్టి మనిషి. అన్నయ్య పోయిన రోజున కూడా నలుగురిలో కన్నీరు పెట్టలేదు. అలాంటిది, ఓసారి ఎన్నికల్లో నిలబడ్డ లాయరుగారు మా వీధికి వచ్చాడు చూడు... ఆయన ముందుకు నడవడం, కెమెరాలవాళ్లు ఆయన ముందు వెనక్కి వెనక్కి నడవడం, అదో తమాషా. కొట్టులోకి వచ్చి, "బాగున్నావా అమ్మా" అంటూ ఈవిడ వీపు మీద చెయ్యి వేశాడు. కెమెరా వైపు తిప్పడానికిలే. అంతే, ఆయన భుజం మీద తల పెట్టి భోరుమంది.

తెల్లారేసరికి అందరి ఫోన్లలోనూ మా వదినే. వెనక ఓ పాట, కింద "తల్లి కన్నీరు తుడిచిన కొడుకు" అని. తుడిచిందెక్కడ, జేబురుమాలు జేబులోనే ఉంది. నాలుగు రోడ్ల దగ్గర ఆ ఏడుపుదే ఇంతెత్తు ఫ్లెక్సీ బొమ్మ కట్టారు. ఇక జనం, "నీ మాట ఆయన కాదనడు, మావాడికి ఉద్యోగం సంగతి కాస్త చెప్పు" అంటూ కొట్టు ముందు నిలబడేవాళ్లు. "ఆయనకి నా పేరే తెలీదు బాబూ" అంటే నమ్మితేగా. ఇంతలో అవతలి పార్టీవాళ్లు అదే వీడియోకి ఇంకో పాట తగిలించి, "అద్దె ఏడుపు" అని వదిలారు. బట్టలిచ్చేవాళ్లే, "మా చొక్కా మీద ఏడవకు, ముడతలు పడతాయి" అని నవ్వేవాళ్లు. వదిన కొట్టు మూసేసి ఇంట్లో కూర్చుంది. అన్నం సహించేది కాదు.

అప్పుడొచ్చారు రెండు పార్టీలవాళ్లూ, కెమెరాలతో, ఒకళ్ల వెనక ఒకళ్లు. లాయరుగారి మనుషులేమో, "మా కొడుకొచ్చినట్టే ఉంది అను, చాలు" అన్నారు. వీళ్లటు వెళ్లారో లేదో అవతలివాళ్లు దిగారు. "ఏడవమని వాళ్లే చెప్పారు అను, చాలు." వదిన ఆ కెమెరా అతనితో, "నిజం చెబుతాను, తీసుకో నాయనా" అంది. "మా కొట్టు ఇరుకు. మా ఆయన కాలే ఇస్త్రీపెట్టె పట్టుకుని నా వెనకనుంచి వెళ్లేటప్పుడు, నేను వెనక్కి అడుగేస్తే కాలుతుందని, వీపు మీద చెయ్యి ఆనించి వెళ్లేవాడు. సరిగ్గా అక్కడే. ఆయన పోయాక అక్కడ ఎవరి చెయ్యీ పడలేదు. అందుకేడ్చాను. అందులో ఆ లాయరు మంచీ లేదు, చెడ్డా లేదు." కెమెరా పట్టుకున్నతను తీయడం ఆపేశాడు. "ఇది మాకు పనికిరాదమ్మా" అన్నాడు మెల్లిగా. వెళ్లిపోయారు.

లాయరుగారు గెలిచాడు, బొమ్మ దించేశారు. వదిన కొట్టు మళ్లీ తెరిచింది. ఎవరికేశావు వదినా అని అడిగాను ఓసారి. "ఏడుపు ఎలాగూ ఊరందరిదీ అయింది, ఓటైనా నాదిగా ఉండనివ్వవయ్యా" అంది. ఆవిడ కెమెరావాళ్లకి ఆ నిజం చెప్పినరోజు మీ నానమ్మ తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది. ఆ మర్నాటినుంచి, వంటింట్లో వదిన వెనకనుంచి వెళ్లినప్పుడల్లా వీపు మీద ఓసారి చెయ్యి ఆనించి వెళ్లేది. చేతిలో వేడిగిన్నె ఉన్నా, లేకపోయినా.

...ఎండ ఇటు తిరిగినట్టుంది. కుర్చీ కాస్త లోపలికి జరుపుకో, తల్లీ.