వెదురు చెయ్యి

జావాలోని సోలో పట్నంలో, అమ్మ బతికున్నన్నాళ్లూ బాతిక్ గుడ్డల మీద మైనంతో బొమ్మలు గీసిన వసారాలోనే, అన్న పాత రికార్డు ప్లేయరుకి వెదురుతో కొత్త చెయ్యి చేసి, దాని కొసన ముల్లు బిగించాడు. చెల్లెలు లాస్త్రి అల్లం టీ తాగుతూ చూస్తోంది.

“ఈ వెదురెక్కడిది?”

“అమ్మ గుడ్డ వేలాడేసుకునే చట్రంలోది.”

“దాన్ని కోశావా? నీకు చేతులెలా వచ్చాయన్నయ్యా?”

“చెదలకి వదిలెయ్యమంటావా? ఊరుకుని విను. వెనకాల బరువుకి గాలానికి కట్టే సీసం ముక్క కట్టాను.”

పాట మొదలైంది. రికార్డు మీద గీత పడ్డ చోట అతను ఊపిరి బిగబట్టాడు. ముల్లు మెత్తగా దాటేసింది.

“చూశావా? నలభై ఏళ్లలో ఎప్పుడైనా దాటిందా?”

లాస్త్రి టీ గ్లాసు కింద పెట్టింది.

“ఏం, బాగాలేదా?”

“బాగానే ఉంది. అక్కడ ఇరుక్కుని అదే ముక్క పాడుతుంటే, ముల్లు ముందుకి తొయ్యమని అమ్మ మైనం చేతులతో నన్ను కేకేసేది. అంతే.”

అతను సీసాన్ని కాస్త వెనక్కి జరిపి, పాట మళ్లీ మొదట్నుంచి పెట్టాడు. అక్కడికొచ్చి ఇరుక్కుంది. అదే ముక్క, మళ్లీ మళ్లీ. ఇద్దరూ కదల్లేదు.

చివరికి అతను ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

“లాస్త్రీ, కాస్త తొయ్యవే. నా చేతినిండా మైనం.”