సత్తియ్య మీద కాకుల పగ

మల్లాడి సత్తియ్యని కాకులు పగబట్టాయంట. మన గవ్వలపేట సత్తియ్యే, మోకాలు చెడి వేటకెళ్ళడం మానేశాడు చూడు, ఆయన. ఏటి, నవ్వుతారేటి? నవ్వకండి, ఆయన్ని చూత్తే నవ్వు రాదు మీకు. ఏమైందంటే, పట్నం నించి ఇందుమతి గారని ఒక మేడం వచ్చింది. పిట్టల మీద పరిశోధనంట ఆవిడది. మన ఊళ్ళో ఎండుచేపల కళ్ళాలున్నాయి కదా, ఇన్ని కాకులు ఒక్కచోట ఆవిడకి ఇంకెక్కడా దొరకలేదంట. కాకి మనిషిని గుర్తుపడతాదా, మొఖం చూసి పడతాదా చొక్కా చూసి పడతాదా, పడితే ఎన్నాళ్ళు గుర్తుంచుకుంటాది, తన పిల్లలకి కూడా చెప్పుకుంటాదా, ఇదీ ఆవిడ తెలుసుకోవాలి. "దీనికి ఇద్దరు కావాలి సత్తియ్య గారూ, ఒకరు రోజూ మేత వెయ్యాలి, ఒకరు వలేసి పట్టాలి. పట్టే మనిషే ఎప్పుడూ పట్టాలి, వేసే మనిషే ఎప్పుడూ వెయ్యాలి, మారకూడదు" అందంట. వల సంగతి సత్తియ్యకి చెప్పక్కర్లేదు కదా. సముద్రం మీదకెళ్ళలేని మనిషి, ఇంట్లో కూకుని కూకుని ఇసుగెత్తిపోయున్నాడు, "ఓస్, కాకులే కదండీ, పడతాను" అనేశాడు. మేత వేసే పని వాళ్ళమ్మ నూకాలమ్మకిచ్చారు. ఆ ముసల్ది ఎలాగూ రోజూ చేప తలకాయలు గుమ్మం ముందు పారబోసేదే అనుకో.

ఇంక చూసుకో. సత్తియ్య వలేత్తాడు, కాకి పడతాది, మేడం దాన్ని తూకమేసి, కొలత తీసి, కాలికి ఎర్రదో పచ్చదో చిన్న కడియం తొడిగి వదిలేత్తాది. రెక్క విరగ్గొట్టింది లేదు, ఈక పీకింది లేదు. కానీ ఆ కాసేపూ అది ఆయన చేతిలో గుండె దడదడలాడతా అరుత్తాదా, పైన సరుగుడు చెట్ల మీదున్నవన్నీ చూత్తాయి. చూసి ఊరుకుంటాయా? మొదటేడు ఆయన వల బయటకి తీత్తే గోల చేసేవి. రెండో ఏడు వల లేకపోయినా గోలే. మూడో ఏటికి, ఏ కడియమూ లేని పిల్ల కాకులు, ఆయన చేతిలో ఎప్పుడూ పడనియ్యి, అయ్యి కూడా వచ్చి నెత్తి మీద తన్నేవంట. మేడం ఎంత సంబరపడిపోయిందో. "చూశారా, పిల్లలకి చెప్పుకుంటున్నాయి, చూశారా!" అందంట. సత్తియ్య నెత్తి తడుముకుంటా నవ్వాడు. అప్పటికింకా నవ్వేవాడు. తర్వాత తర్వాత, టీ కొట్టుకెళ్తే కాకులు, దొడ్డికెళ్తే కాకులు, చొక్కా మార్చినా తలకి తువ్వాలు చుట్టినా కాకులే. టీ కొట్టు ఆయన "ఒరే సత్తిగా, నీ టీ ఇంటికి పంపుతాలేరా, నువ్వు ఇటు రాకు" అన్నాడు. కాసులని ఆయన పెళ్ళాం, ఆవిడ వడియాలు పెట్టుకుంటే ఆయన్ని పెరట్లోకి రానిచ్చేది కాదు. అదే వాకిట్లో వాళ్ళమ్మ కూకుందనుకో, ఆవిడ కాళ్ళ చుట్టూ కోళ్ళలాగా తిరిగేవి. "నా చేత్తో పెడితే ఎంత బుద్ధిగా తింటన్నాయిరా, నిన్నెందుకురా అలా పొడుచుకు తింటాయి" అనేదంట ముసల్ది. సత్తియ్య తలుపు చాటున నిలబడి చూసేవాడు.

ఆ నూకాలమ్మ పోయింది. ఎండలు ముదిరే రోజులు. పదకొండో రోజు సముద్రం ఒడ్డునే కర్మ పెట్టారు. కొడుకొక్కడే కదా, విస్తట్లో పిండం పెట్టి, చేతులు జోడించి నిలబడ్డాడు. ఒక్క కాకి దిగలేదు. లేక కాదు, నెత్తి మీదంతా నల్లగా కాకులే, అన్నీ సత్తియ్యనే తిడతన్నాయి. కర్మ చేయించే దాసు గారు "ఆవిడికేదో కోరిక మిగిలిపోయిందిరా, మొక్కుకో" అన్నారు. మొక్కుకున్నాడు. చెల్లెలు బంగారమ్మని ఏటా పుట్టింటికి తెచ్చి చీర పెడతానన్నాడు, మందు ముట్టనన్నాడు, అమ్మ నులకమంచం ఎవరికీ ఇవ్వనన్నాడు. ఆయన మొక్కేకొద్దీ అయ్యి అరుత్తన్నాయి. గంటయ్యింది, గంటన్నరయ్యింది. కాళ్ళకింద ఇసక కాలిపోతంది. చుట్టాలు ఒకళ్ళ మొఖాలొకళ్ళు చూసుకుంటన్నారు, తల్లిని సరిగ్గా చూసుకోలేదేమో అని ఎవరో అన్నారు కూడాను. అది ఇన్నాడు సత్తియ్య. అప్పుడు బంగారమ్మ దగ్గరకొచ్చి మెల్లిగా "అన్నయ్యా, అమ్మకేం కోరికలు లేవు. నువ్వుంటే అయ్యి దిగవు" అంది. ఆయనకి తెలీదా? తెలుసు. తెలిసే నిలబడ్డాడు.

సరేనని ఒడ్డెంట నడిచెళ్ళిపోయాడు. ఏమైందంటే, కాకులన్నీ పిండాన్ని అక్కడే వదిలేసి ఆయనెనకాలే పడ్డాయి! ఎంత దూరమెళ్తే అంత దూరం. ఇక్కడ విస్తరి దగ్గర ఒక్కటంటే ఒక్కటి లేదు. తిరిగొచ్చాడు, అయ్యీ తిరిగొచ్చాయి. ఇంక ఆయనకి ఓపిక అయిపోయింది. అక్కడ ఎవరిదో నావ ఇసక మీద బోర్లించి ఉంది. ఆ చెడిపోయిన మోకాలు ఈడ్చుకుంటా, పాక్కుంటా దానికిందకి దూరాడు. తల్లికి కర్మ చేత్తన్న కొడుకు, తడిపంచెతో, ఇసకలో బోర్లా పడుకున్నాడు. లోపల ఉడికిపోతంది, తారు వాసన. బయట అరుపులు ఒక్కొక్కటే తగ్గాయి. ఇంకా తగ్గాయి. ఎంతసేపటికో రెక్కలు టపటపా కొట్టుకున్న చప్పుడైంది, ఆడోళ్ళంతా గొల్లుమన్నారు, "ముట్టింది, అమ్మ ముట్టింది" అని. అందరూ చూశారు, కొడుకొక్కడే చూడలేదు. బంగారమ్మ పరిగెత్తుకొచ్చి నావ కిందకి వంగి, "రా అన్నయ్యా, అయిపోయింది" అంటే, "తిననీయవే. నేనొత్తే లేచిపోతాది" అన్నాడంట.

నాలుగు రోజులకి మేడం వచ్చింది. సత్తియ్య అంతా చెప్పాడు. ఆవిడ అలవాటు కొద్దీ పుస్తకం తీసి, "మీరు దాక్కున్నాక ఎన్ని నిమిషాలకి..." అనబోయి ఆగిపోయింది. పుస్తకం మూసేసింది. "తప్పయిపోయింది సత్తియ్య గారూ, వల ఆపేద్దాం" అంది. "ఆపెయ్యండి. మరి ఎన్నాళ్ళకి మర్చిపోతాయమ్మా నన్ను?" అన్నాడు. ఆవిడ పుస్తకం సంచిలో పెట్టేసుకుంది. "నాకు తెలీదండీ. అది తెలుసుకుందామనే వచ్చాను" అంది. కోపపడతాడనుకున్నారు అందరూ. కోపం తెచ్చుకోడానికీ ఓపికుండాలి కదర్రా. "కూకోండి, టీ తాగెల్దురు" అన్నాడు.

ఇదయ్యి ఐదేళ్ళు. వల ఎప్పుడో కుళ్ళిపోయింది. మేడం రాసింది పెద్ద పుస్తకంలో అచ్చయ్యిందంట, ఏయే దేశాలోళ్ళో చదివారంట. అందులో సత్తియ్య పేరు లేదంట, "పట్టే మనిషి" అని ఉందంట. ఆవిడ మంచిదేలే, ఏటా వత్తాది, పళ్ళు తెత్తాది. వీధి చివర్నించి ఒకసారి నడవమంటాది. ఆయన నడుత్తాడు, అయ్యి అరుత్తాయి, ఆవిడ తలొంచుకుని రాసుకుంటాది. మొన్న కూడా వచ్చెళ్ళింది. ఇదీ సంగతి. అందుకే చెప్తన్నాను, ఎవరింట్లోనన్నా కాకి ముట్టలేదంటే పోయినోళ్ళని ఆడిపోసుకోకండి. పిండం పెట్టినోడు ఎవరి దగ్గర ఏం పని చేశాడో, అది అడగండి ముందు.