బదులు తలుపు మీద అంటించిన నోటీసు

సభకు అధ్యక్షత వహిస్తున్న మా వడ్రంగి కార్ఖానా యజమాని గారికి, పిలవగానే పని మానుకుని వచ్చిన లాయరమ్మ గారికి, మోకాలు సహకరించకపోయినా ముందు వరసలో నిటారుగా కూర్చున్న మా మేస్త్రీ గారికి, రంపం దగ్గరివాళ్ళకి, చిత్రిక దగ్గరివాళ్ళకి, నేనింకా మెట్లు దిగకముందే నా పాలిష్ బల్ల ఎవరికి దక్కాలని పోట్లాడుకుంటున్న ఇద్దరమ్మాయిలకి, నన్ను ఇన్నేళ్ళు ఇంట్లో పెట్టుకుని భరించిన మా చెల్లెలికి, అందరికీ నమస్కారం.

నాకు మైకు అలవాటు లేదు. రంపం మోత మీద నుంచి అరవడం అలవాటు. కాబట్టి గొంతు పెద్దదైతే ముందు వరస వాళ్ళు క్షమించండి, వెనక వరస వాళ్ళకి ఎలాగూ బాగానే వినిపిస్తుంది.

ఇందాక యజమాని గారు నా గురించి మాట్లాడుతూ, ఈవిడ చెయ్యి పడితే చెక్క అద్దమైపోతుందన్నారు, సంతోషం. ఎంత పనున్నా విసుక్కోదన్నారు, అదీ కొంతవరకు నిజమే. ఆ తర్వాత నోట్లో నాలుక లేని మనిషి అన్నారు. అప్పుడు మీరంతా ఎందుకు నవ్వారో నాకు తెలుసు. (నవ్వులు) అదిగో, మళ్ళీ.

నేను లేచి ఇటు వస్తుంటే ఆయన నా చెవిలో ఒక మాట కూడా అన్నారు. ఆ కోర్టు గొడవ ఇవాళ ఎత్తకమ్మా, శుభమా అని వీడ్కోలు చెప్పుకుంటున్నాం కదా అని. నేను సరేనండి అనలేదు, చూద్దామండి అన్నాను. ఎందుకంటే నాకు పని నేర్పిన పెద్దాయన మొదటి రోజే చెప్పాడు, బల్ల పైన ఎంత మెరిపించినా అడుగున పూత వెయ్యకపోతే తేమ తాగి వంకరపోతుందని. ఈ కార్ఖానాలో నా బతుక్కి అడుగు భాగం ఆ కోర్టు గొడవే. దానికి పూత వెయ్యకుండా వెళ్ళలేను, మన్నించాలి.

కొత్తగా చేరినవాళ్ళకి తెలియదు కాబట్టి మొదటి నుంచి చెప్తాను. మా ఆయన పోయాక వంతెన పక్కనున్న అద్దె ఇల్లు ఖాళీ చేసి చెల్లెలింటికి వచ్చేశాను. వచ్చేటప్పుడు పాలవాడికి చెప్పాను, గ్యాసు వాళ్ళకి చెప్పాను, ఇక్కడ ఆఫీసు గదిలోనూ చెప్పాను. ఒక్కళ్ళకి మాత్రం చెప్పలేదు, ఎందుకంటే అలాంటివాళ్ళు ఉన్నారని నాకే తెలియదు. ఆ పాత ఇంట్లో ఉండగా వాయిదాల మీద బట్టలుతికే మిషను ఒకటి కొన్నాం. అది బట్టలు ఉతకడం కంటే వంటిల్లు కడగడం మీదే ఎక్కువ శ్రద్ధ చూపించింది. (నవ్వులు) వారం తిరక్కుండానే దుకాణం వాళ్ళు వచ్చి మోసుకుపోయారు, ఇక మీకూ మాకూ సరి అన్నారు. తర్వాత ఆ దుకాణం మూతపడింది. మూతపడేటప్పుడు రావలసిన బాకీలన్నిటినీ మూటగట్టి ఒక వసూళ్ళ కంపెనీకి అమ్మేశారు. సరి అన్న నా బాకీ కూడా ఆ మూటలో ఉంది, పాత ఇంటి చిరునామాతో సహా.

ఇవేవీ నాకు తెలియవు. నేను ఒక అల్మారా తలుపుకి రెండో పూత వేస్తుంటే ఆఫీసు గదిలోంచి పిలుపొచ్చింది. కోర్టు కాగితం, ఈ మనిషి జీతంలోంచి నెలనెలా ఇంత కోసి పంపండి అని. నోటీసు ఇచ్చారట, నేను వెళ్ళలేదట, వెళ్ళలేదు కాబట్టి తీర్పు వాళ్ళవైపు ఇచ్చేశారట. నా మీద కేసుందని నాకు తెలిసేసరికి నేను ఓడిపోయి కూర్చున్నాను. పూత సగంలో ఆపితే గీత పడుతుంది కాబట్టి ముందు వెళ్ళి ఆ పూత పూర్తి చేశాను. పూత మాత్రం తిన్నగా పడలేదు. ఆ అల్మారా ఇప్పుడు ఎవరింట్లో ఉందో గానీ, కుడి తలుపు మీద పడ్డ ఆ అల ఇప్పటికీ ఉండే ఉంటుంది.

ఇక సలహాలు మొదలయ్యాయి. సలహాలకేం, ఊరికే వస్తాయి. కోర్టుతో మనకెందుకు, కట్టేసెయ్ అన్నవాళ్ళు ఈ హాల్లోనే చాలామంది ఉన్నారు, తలలు దించుకోనక్కర్లేదు. కంపెనీ వాళ్ళు ఫోను చేసి, సగం కట్టండి, మిగతా సగం మేం మర్చిపోతాం అన్నారు. వాళ్ళ మరుపు మీద నాకు అంత నమ్మకం కలగలేదు. ఇదిగో, మా చెల్లెలు అన్నం ముందు కూర్చుని ఏడ్చింది. పోనీవే అక్కా, కట్టేస్తే పీడ పోతుందంది. సగం కట్టినా బాకీ ఉన్నానని ఒప్పుకున్నట్టే కదే, లేని బాకీని ఎలా ఒప్పుకోమంటావు అన్నాను. నీ మొండితనంతో నువ్వే పోతావ్ అని అలిగి ఆ పూట తినలేదు. ఇప్పుడు నవ్వుతోంది చూడండి.

అప్పుడు వెళ్ళాను లాయరమ్మ గారి దగ్గరికి, జెరాక్స్ షాపు పైన ఇరుకు గది, ఒక కుర్చీకి కాలు ఊగుతుంది, నేను ఆ కుర్చీలోనే కూర్చున్నాను. మీరు బాకీ ఉన్నారా అని అడిగారు. లేనన్నాను. ఇవి రెండు గొడవలమ్మా, బాకీ ఉందా లేదా అనేది ఒకటి, మిమ్మల్ని పిలవకుండా తీర్పివ్వడం ఇంకోటి, ముందు రెండోదాని సంగతి తేలిస్తే మొదటిది మళ్ళీ మొదటి నుంచి వింటారు అని విడమర్చి చెప్పారు. ఆ ఒక్క మాటతో నాకు కాళ్ళ కింద నేల దొరికింది. మర్నాడు వెళ్ళేటప్పుడు ఆ కుర్చీ కాలికి బిగించడానికి ఒక మేకు కూడా పట్టుకెళ్ళాను.

కోర్టు ఫైలు నకలు తీయించి చూస్తే, నోటీసు పట్టుకెళ్ళిన బంట్రోతు రాసిన ముక్క ఒకటుంది. ఇంటికి తాళం వేసి ఉన్నందున ముందు వైపు ఆకుపచ్చ తలుపుకు, నడుమ ఉన్న రేకు ముక్క పైన, నోటీసు అంటించడమైనది అని. అది చదివి నేను లేచి నిలబడ్డాను. నా పాత ఇంటి తలుపు నాకు తెలియదా? దానికి తేనెరంగు పూత వేసింది నేనే. ఆకుపచ్చ రంగు, నడుమ రేకు ముక్క ఉన్న తలుపు నాకు తెలిసి ఈ లోకంలో ఒక్కటే ఉంది.

బయటినుంచి వచ్చిన పెద్దల కోసం చెప్తాను. మా కార్ఖానాలో ఒక పద్ధతుంది. ఎవరింటి వీధి తలుపైనా బాగుచేయడానికి పట్టుకొస్తే ఆ ఇల్లు బోసిగా వదిలిరాము, మా దగ్గరున్న పాత తలుపొకటి తాత్కాలికంగా బిగించి వస్తాం. దాన్ని బదులు తలుపు అంటాం. ఎన్ని గుమ్మాలకి సరిపోవాలని ఎన్నిసార్లు కోసి అతికామో లెక్కలేదు. ఎక్కడికెళ్ళినా దాని మీద ఎవరో ఏదో అంటిస్తారు, పిల్లలు బొమ్మలు గీస్తారు. పని అయ్యాక తెచ్చి మొహం గోడవైపు తిప్పి నిలబెడతాం, కొనడానికొచ్చేవాళ్ళు దాన్ని చూస్తే బేరం పోతుందని మన యజమాని గారి ఆజ్ఞ. నేను ఖాళీ చేశాక ఆ పాత ఇంట్లో ఒక టీచరమ్మ దిగింది. వానలకి తలుపు ఉబ్బి పట్టేస్తోందంటే, మా మేస్త్రీ గారే వెళ్ళి దాన్ని ఊడదీసి తెచ్చి బదులు తలుపు బిగించొచ్చారు. సరిగ్గా ఆ రోజుల్లోనే బంట్రోతు వెళ్ళాడు.

పరిగెత్తుకొచ్చి, మేస్త్రీ గారూ, ఒక చెయ్యి వెయ్యండి అన్నాను. ఇద్దరం కలిసి దాన్ని ఇటు తిప్పాం. ఎవరి పాపో గీసిన ఏనుగు బొమ్మకీ, చిరిగిన సర్కసు కాగితానికీ మధ్య నా పేరుతో కోర్టు నోటీసు, జిగురు చెక్కు చెదరకుండా ఉంది. మేస్త్రీ గారు రంపపు పొట్టులో అలాగే కూలబడ్డారు. నేనే మోసుకొచ్చానమ్మా, నా చేతులతోనే గోడకి తిప్పి పెట్టానమ్మా అన్నారు. టీచరమ్మని అడిగితే, తలుపు మీ కార్ఖానాదే కదా, దానికున్న కాగితం కూడా మీ కార్ఖానాదే అనుకున్నానంది. ఆవిడదీ తప్పు కాదు, నేనైనా అలాగే అనుకునేదాన్ని.

ఫొటో తీసి ఇస్తే చాలన్నారు లాయరమ్మ గారు. చాలదన్నాను నేను. ఆవిడ మాట నేను విననిది అదొక్కటే. తోపుడు బండి మీద తలుపెక్కించి, నేనూ మేస్త్రీ గారూ నడిరోడ్డు మీద తోసుకుంటూ వెళ్ళాం. ఆ రోజు మేస్త్రీ గారికి సెలవు దొరకలేదు, కూలి పోగొట్టుకుని వచ్చారు. (చప్పట్లు) కొట్టండి, ఇంకా గట్టిగా కొట్టండి, ఆయనకి సన్మానం ఎవరూ చెయ్యలేదు.

గేటు దగ్గర కాపలా ఆయన తలుపుని లోపలికి రానివ్వనన్నాడు. మేస్త్రీ గారు ఏమాత్రం తొణక్కుండా, ఇది సాక్షి నాయనా అన్నారు. (నవ్వులు) చివరికి జడ్జి గారే లోపలికి తెమ్మన్నారు. బంట్రోతు వచ్చి చూసి, ఇదేనండి నేను అంటించిన తలుపు అని ఉన్నదున్నట్టు ఒప్పుకున్నాడు, పాపం, అతను తన పని శ్రద్ధగానే చేశాడు. ఇంక అయిపోయిందనుకుంటుంటే కంపెనీ లాయరు లేచి మాటని తిరగేసి పట్టుకున్నాడు. నోటీసు ఈవిడ పనిచేసే చోటే, చేతికందే దూరంలో నెలల తరబడి ఉంది కదా, తెలియదంటే ఎలా నమ్మాలి అన్నాడు. జడ్జి గారు మేస్త్రీ గారి వైపు తిరిగి దీన్నెందుకు గోడకి తిప్పి పెట్టారని అడిగితే, మొహం బాగోదండి అన్నారాయన. అప్పుడు నేను లేచాను.

"అయ్యా, నన్ను పిలవాలంటే నా ఇంటికి రావాలి. వాళ్ళు పిలిచింది ఈ తలుపుని. పిలిచారు కాబట్టి ఇది వచ్చింది, ఇదిగో మీ ముందు నిలబడింది. జీతం కూడా దీని దగ్గరే కోసుకోమనండి."

లాయరమ్మ గారు నా చెయ్యి పట్టి లాగారు, ఇక చాలని. జడ్జి గారు కాసేపు ఆ ఏనుగు బొమ్మ వైపు చూశారు. ఆ తర్వాత తీర్పు రద్దు చేశారు. బాకీ కేసు మళ్ళీ మొదటి నుంచి విన్నారు. మిషను నా దగ్గరే ఉండిపోయిందని చూపించడానికి కంపెనీ దగ్గర చీటీ ముక్క కూడా లేదు. కేసు కొట్టేశారు. అప్పటిదాకా నా జీతంలోంచి కోసిందంతా తిరిగొచ్చింది.

మంచినీళ్ళు ఇటివ్వమ్మా.

ఇప్పుడు అసలు మాట. యజమాని గారూ, ఇది మీతో. మా పనిలో గోడ అల్మారాలకి పాలిష్ వాళ్ళ ఇళ్ళల్లోనే వెయ్యాలి. ఇంటివాళ్ళు పనికెళ్తూ తాళంచెవి మనకిచ్చి వెళ్తారు. ఆ చెవుల గుత్తి ఏళ్ళ తరబడి నా నడుముకే ఉండేది. కోర్టు కాగితం వచ్చిన సాయంత్రం మీరు ఆ గుత్తి అడిగి తీసుకున్నారు, కొన్నాళ్ళు లోపలి పని చూడమ్మా అన్నారు. మీరు నన్ను దొంగ అనలేదు. పల్లెత్తు మాట అనలేదు. పైగా ఆ బాకీ నేనే కట్టేస్తాను, నెమ్మదిగా తీర్చుకో అన్నారు, అంత మంచివారు. కానీ ఇదేంటమ్మా, నిజమేనా అని ఒక్కసారి అడగలేదు. కోర్టూ నన్ను అడగలేదు, మీరూ అడగలేదు. కోర్టుకి నా చిరునామా తెలియదు. మీకు తెలుసండి. నేను మీ గది పక్కనే ఉన్నాను.

కోపంతో చెప్పడం లేదని అనను. కోపంతోనే చెప్తున్నాను. కేసు కొట్టేసిన మర్నాడు ఆ గుత్తి నా బల్ల మీద పెట్టి మీరు మాట్లాడకుండా వెళ్ళిపోయారు, నేనూ మాట్లాడకుండా నడుముకి కట్టుకున్నాను. ఆ తర్వాత రంపం దగ్గర ఒకతని మీద ఫిర్యాదు వస్తే, మీరు ముందు అతనికి కుర్చీ వేసి, నీ మాటేంటో చెప్పు అన్నారు. అది నేను దూరం నుంచి చూశాను. ఆ రోజే మీ మీద కోపం సగం తగ్గింది. మిగతా సగం ఇప్పుడిక్కడ పెట్టి వెళ్తున్నాను, ఇంటికి మోసుకెళ్ళే ఓపిక లేదు. మీరు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. తుడుచుకోండి, నేను అటు చూడనులెండి.

అమ్మాయిలూ, మీకొక మాట. కాగితం వస్తే భయపడండి, తప్పులేదు, నేనూ భయపడ్డాను. కానీ భయంతో సంతకం మాత్రం పెట్టకండి. ముందు అందులో ఏముందో చదవండి, చదివి అర్థం కాకపోతే జెరాక్స్ షాపు పైకి వెళ్ళండి. ఇప్పుడక్కడ కుర్చీ ఊగదు.

జ్ఞాపకంగా ఏం కావాలో చెప్పమని యజమాని గారు అడిగితే బదులు తలుపు కావాలన్నాను. ఆయన వెంటనే సరేనన్నారు గానీ మేస్త్రీ గారు ఒప్పుకోలేదు, అది లేకపోతే పనెలా సాగుతుందన్నారు. చివరికి ఇంకోటి చేసుకుంటానని నిన్ననే దాన్ని తెచ్చి నా కొత్త గదికి బిగించి వెళ్ళారు. మా చెల్లెలు దాన్ని చూసి నెత్తి కొట్టుకుంది. ఏనుగు బొమ్మ అలాగే ఉంచాను. మొహం వీధి వైపే ఉంది.

అవును, నేను మళ్ళీ ఇల్లు మారుతున్నాను. అందుకని అందరూ జాగ్రత్తగా వినండి. రొట్టెల దుకాణం వెనక సందు, సైకిళ్ళు బాగుచేసే షాపు మేడ మీద, ఎడమ చేతి గది, ఆకుపచ్చ తలుపు. వెనక వరస వాళ్ళకి వినపడిందా? నా మీద మంచి చెప్పాలన్నా, చెడు చెప్పాలన్నా, కేసే వెయ్యాలన్నా ఆ తలుపు కొట్టండి, తీసేది నేనే. రేపెప్పుడైనా ఎవరైనా ఆవిడ ఎక్కడుంటుందో మాకు తెలియదన్నారనుకోండి, ఈ హాల్లో ఉన్న మీరందరూ నాకు సాక్షులు.

ఇన్నాళ్ళు నా నోరు భరించినందుకు, ఇవాళ కూడా భరించినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు.