పెద్దకోడలి కోసం నిలబడ్డ వరస

గొడుగులు బాగుచేసే ఆయన కబుర్లు మొదలుపెట్టాడంటే టీ కొట్లో గ్లాసులు కడగడం కూడా ఆగిపోయేది. అందరూ ఆయన్ని గొడుగాయన అనే పిలిచేవాళ్ళు. భార్య పోయాక ఇంట్లో మిగిలింది ఒక మంచం, ఒక టీవీ, తలుపుకి తాళం. ఆ తాళం తియ్యాలంటేనే ఆయనకి బెంగ. అందుకని సాయంత్రం పని కట్టేసి నేరుగా ఇక్కడికొచ్చి బల్ల మీద కూర్చునేవాడు. మాట సాగినంతసేపూ జనం ఉంటారు, మాట ఆగితే లేచిపోతారు. ఈ సంగతి ఆయన ఎప్పుడో కనిపెట్టాడు. ఆయన కథలు అంతంత పొడుగవడానికి ఇంకో కారణమేమీ లేదు.

ఆ సాయంత్రం మబ్బు పట్టింది. కొట్లో ఉన్నదల్లా టీ కాచే ఆయన, డ్యూటీకి వెళ్ళబోతున్న బస్సు కండక్టరు, పక్కనే కటింగు షాపు నడిపే ఆయన. మూల స్టూలు మీద, మేడమీది గదిలో కొత్తగా అద్దెకి దిగిన పెద్దావిడ. రోజూ ఫ్లాస్కులో టీ పోయించుకుని మాటా పలుకూ లేకుండా వెళ్ళిపోయే మనిషి, ఆ రోజు పాలు కాగలేదని కూర్చుంది. గొడుగాయన చెయ్యి ఊపుకోవడానికి అడ్డంగా ఉందని ఆవిడ సంచీ కాస్త అవతల పెట్టుకోమన్నాడు. మొహం కూడా చూడలేదు. తన నల్లగొడుగుని బల్లకి ఆనించాడు. దానికి ఒకవైపు భార్య కుట్టిన ఆకుపచ్చ గుడ్డ అతుకు.

కండక్టరు ఫోను చూస్తూ, ఏదో సినిమా కంపెనీని అభిమానులు దుమ్మెత్తిపోస్తున్నారని, కంపెనీకి చీమ కుట్టినట్టయినా లేదని చదివాడు.

"అడిగేవాడు అడిగితే కుడుతుంది" అన్నాడు గొడుగాయన. "నేను అడిగాను."

అప్పట్లో టీవీలో ఒక సీరియల్ వచ్చేది. అందులో పెద్దకోడలంటే ఆయన భార్యకి ప్రాణం. మంచం పట్టాక కూడా దిండుకి ఆనుకుని చూసేది. ఒకరోజు తెర అడుగున ఒక ముక్క వచ్చింది, ఇకపై పెద్దకోడలి పాత్రలో ఫలానా ఆవిడ అని. అంతే. మర్నాడు కొత్త మొహం, చిన్నపిల్ల. అత్తా మామా మరిదీ ఏమీ జరగనట్టే ఆ పిల్ల చేతి మంచినీళ్ళు తాగేస్తున్నారు. కట్టుకున్నవాడు కూడా గుర్తుపట్టలేదేమండీ అని భార్య కళ్ళనీళ్ళు పెట్టుకుందట. మీరెళ్ళి అడిగి రండి, పాతావిణ్ణి ఎందుకు తీసేశారో అందట.

"వెళ్ళాను. ఆ సీరియల్ కంపెనీ గేటు దగ్గర కాపలా అతను ఎవరు నువ్వన్నాడు. చూసేవాణ్ణి అన్నాను. ఆ ఒక్క మాటకి లేచి తన కుర్చీ నాకు వేశాడు."

ఇందులో నమ్మకపోవడానికేముంది, ముగ్గురూ తలూపారు. కానీ కండక్టరు టిక్కెట్ల సంచీ భుజానికి తగిలించుకున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు గొడుగాయన గబగబా. వెనక్కి తిరిగి చూస్తే వరసట. వీధి మలుపుదాకా మనుషులట, ప్రతి చేతిలోనూ గొడుగట, అన్నీ తను బాగుచేసినవేనట.

"అంతమందీ ఒక్కసారే విరగ్గొట్టుకున్నారా బాబాయ్?"

"నా చేత బాగుచేయించుకోవాలని విరిచి మరీ తెచ్చేవాళ్ళురా."

కండక్టరు నవ్వి, సంచీ దించి కూర్చున్నాడు. ఇంతలో కటింగు షాపు ముందు ఎవరో వచ్చి తొంగిచూశారు. ఆ షాపాయన లేవబోయాడు. అప్పుడిక రైలు ఆగక తప్పలేదు. దారిన పోయే రైలు గేటెదురుగా ఆగిందట, ముందు డ్రైవరే దిగి వరసలో నిలబడ్డాడట, వెనకాల పెట్టెల్లో జనమంతా దిగారట. అప్పటికి లక్షమంది. వాన మొదలైంది. లక్ష గొడుగులూ టప్పున విప్పేసరికి పైనున్న మబ్బుకి నేల కనబడలేదట, ఎక్కడ పడాలో తెలియక కాసేపు తచ్చాడి, సిగ్గుపడి వచ్చిన దారినే పోయిందట.

షాపాయన మళ్ళీ కూలబడ్డాడు. కానీ టీ కాచే ఆయన ఖాళీ గ్లాసులు ఏరడం మొదలుపెట్టాడు. గ్లాసుల చప్పుడు వింటే గొడుగాయనకి ఇంటి తాళం గుర్తొస్తుంది.

"అసలు ఆ వరసకి చివరే లేదయ్యా" అన్నాడు గొంతు పెంచి. "ఊరు దాటింది, సముద్రం దాటింది, నీళ్ళమీద పడవకి పడవ కట్టి నిలబడ్డారు. భూమంతా చుట్టి అటువైపునుంచి మళ్ళీ గేటు దగ్గరికే వచ్చింది. నా ముందున్నవాడి వీపు తట్టి ఎవరు బాబూ అంటే, వరసలో ఆఖరివాణ్ణండీ అన్నాడు. కంపెనీ యజమాని చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు. పాతావిణ్ణి కారులో పిలిపించాడు. తలకి గుడ్డ చుట్టుకుని ఉంది, రంగూ పౌడరూ ఏమీ లేవు. అయితేనేం? ఆవిడ నీడ గోడమీద పడినా చాలు, ఈ కళ్ళు పట్టేస్తాయి. అన్నయ్యా అని నా చేతులు పట్టుకుని ఏడ్చింది."

"మా అమ్మ ఆ సీరియల్ చివరిదాకా చూసింది" అన్నాడు షాపాయన నెమ్మదిగా. "పాతావిడ మళ్ళీ రాలేదే."

"మీ టీవీలో రాలేదేమో."

అందరూ గొల్లున నవ్వారు. ఆ నవ్వు అణిగాక మూలనుంచి పెద్దావిడ గొంతు వినబడింది.

"ఆ వరసకి చివర ఉందండీ" అంది. "చివర నిలబడింది నేనే."

గొడుగాయన అప్పుడు ఆవిడ వైపు తిరిగాడు.

ఆవిడ ఎవర్నీ తప్పుపట్టినట్టు మాట్లాడలేదు. జనం ఎవరూ నీ గురించి అడగలేదు, అందుకే తీసేశాం అని కంపెనీవాళ్ళు చెప్పారట. మేకప్ గదిలో వదిలేసిన తన అద్దం తెచ్చుకుందామని ఆ రోజు వెళ్ళిందట. వానలో గేటు ముందు ఒక్కాయన కాపలా అతనితో వాదిస్తున్నాడు. కాస్త దారిమ్మని అడిగిందట.

"తోసుకురాకమ్మా, నా వెనకాల వరసలో నిలబడు, మేము పెద్దకోడలి కోసం వచ్చాం అన్నారు మీరు. వెనకాల చూస్తే ఎవరూ లేరు. సరే అని నిలబడ్డాను."

కండక్టరు నవ్వబోయి ఆగిపోయాడు.

"నేనేనని ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు గొడుగాయన.

"ఎలా చెప్పనండీ? నాకోసం ఒక మనిషి పోట్లాడుతుంటే వినడం అదే మొదలు. పైగా మీరు తిరిగి చూడకుండానే గొడుగు వెనక్కి వంచారు, నేను తడుస్తున్నానని. ఈ ఆకుపచ్చ అతుకు నా తలమీదే ఉంది. గేటు మూసేసేదాకా అలాగే నిలబడి, మీరు తిరిగేలోగా వెళ్ళిపోయాను."

పాలు పొంగాయి. టీ కాచే ఆయన ఆవిడ ఫ్లాస్కు నింపిచ్చాడు. బయట వాన అందుకుంది. గొడుగాయన లేచి గొడుగు విప్పాడు. మేడ మెట్లు కొట్టు పక్కనే, అయినా తడిసేంత దూరం ఉంది.

"ఈసారి మీరు ముందు నడవండమ్మా" అన్నాడు.

ఆవిడ్ని మెట్ల దగ్గర దించి, ఆ రోజు ఇంకో కథ చెప్పకుండానే ఇంటికి నడిచాడు. అప్పట్లో కంపెనీ గేటు దగ్గరనుంచి ఇంటికొచ్చినప్పుడు భార్య అడిగింది, ఎంతమంది వచ్చారండీ అని. ఒక్కణ్ణే అని చెప్పడానికి నోరు రాక లక్షమంది అన్నాడు. లక్ష అక్కడ పుట్టింది. మరి ఆవిడ వచ్చిందా అని అడిగింది. రాలేదన్నాడు. ఆ మాట ఒక్కటీ నిజమే కదా అని ఇన్నాళ్ళూ అనుకున్నాడు.

తాళం తీశాడు. గడపలోనే నిలబడి, చీకట్లో మంచం వైపు చూస్తూ అన్నాడు, "ఏమోయ్, వచ్చిందట. నా వెనకే ఉందట."

గొడుగు నీళ్ళు గడప మీద కారుతున్నాయి. ఎంతమంది వచ్చారని అడిగే మనిషి లేదు. అడిగితే ఈసారి ఇద్దరం అని చెప్పేవాడు.