ఎండకు పెట్టిన టేకు పలకలు

"అత్తమ్మా, నిన్న వచ్చినాయన దర్వాజ కట్టె ఎండిందా అని అడిగిండు. ఎండింది అన్న. మీరేమో నా దిక్కు గుర్రుగ చూసిండ్రు. ఏం తప్పన్న నేను?"

తప్పేం లేదు స్వప్నా. రా, గీ పీట మీద కూసో. గుర్రుగ చూడలే బిడ్డా, నా మొహమే గంత. పెండ్లయి నాలుగు నెలలే అయె, అప్పుడే పని కొట్టంల కూసొని గిరాకితోని మాట్లాడుతున్నవు, గది చాలు. కానీ మన వడ్లోళ్ళ ఇంట్ల, కట్టె పని చేసేటోళ్ళం గద, ఎండింది అనరు, ఆరింది అంటరు. ఎండుడు వేరు, ఆరుడు వేరు. ఎందుకో చెప్త, నవ్వద్దు మరి.

నాది కమ్మరోళ్ళ ఇల్లు, తెలుసు గద. మా నాయినది కొలిమి. మాకు కట్టె అంటె మంటకే. తుమ్మ మొద్దు తెచ్చినమా, పగులగొట్టినమా, ఎండల పారేసినమా. ఎంత ఫెళఫెళ ఎండితె అంత మంచి కట్టె. గట్ల పెరిగినదాన్ని తెచ్చి ఈ ఇంట్ల పడేసిండ్రు. ఇక్కడనేమో ఒక్క చెట్టుకు ఎన్ని పేర్లు! నరికి తెస్తె దుంగనట, మిల్లుల కోస్తె పలకనట, సన్నగ చీరితె బద్దనట. నడుమ గట్టిగుండేది చేవ, మీద తెల్లగుండేదానికి పురుగు పడతది, తీసేస్తరు. నిలబడి ఉండేది దర్వాజ, తిరిగేది తలుపు. నాకన్నీ కట్టెలే. ఆడపిల్లకెందుకు అనుకున్నరో ఏమో, ఒక్కరు చెప్పలే.

గప్పుడు మన శీను, నీ మొగడు, నా కడుపుల... ఆఁ, లేదు లేదు, వాడింక కడుపుల గూడ పడలే. పాశమైలారం దిక్కు కంపెనీలు అప్పుడప్పుడే లేస్తున్నయి. ట్రాక్టర్లు వచ్చి నాగండ్ల పని, బండ్ల పని పోయె. గసొంటప్పుడు పటాన్‌చెరుల ఒక లెక్కల సారు ఇల్లు కట్టుకుంటున్నడు. వాళ్ళ నాయిన ఎన్నడో కొని దాచిన టేకు దుంగ ఉంటె, కోయించి పలకలు మీ మామకు ఇచ్చిండు, తలుపులు చెయ్యమని. అంత మంచి కట్టె మా కొట్టంలకు వచ్చుడు గదే మొదలు. "ఇవి మంచిగ కుదిరితె నలుగురు చూస్తరు, కొట్టం నడుస్తది. లేకుంటె మూసేసి కంపెనీల చేరుడే" అని మీ మామ లేస్తె గదే మాట, కూసుంటె గదే మాట.

పలకల నడుమ బద్దలు పెట్టి, గాలి పోయేటట్టు పేర్చి, నీడకు పెట్టిండ్రు. నెలలు పడతది. సారేమో జల్దీ జల్దీ అని పరేషాన్ చేస్తుండె. ఎండకాలం. మీ మామ సంగారెడ్డిల ఏదో కిటికీల పనికని మూడు రోజులు పోయిండు. మా మామ, అంటె మీ మామకు నాయిన, పెద్దాయన అనేటోళ్ళం, ఆయన బిడ్డ ఇంటికి పోయిండు. ఇంత ఎండ కొడుతుంటె కట్టెను నీడకు దాచుడేంది, పిచ్చోళ్ళు గాకపోతె, అనుకున్న. ఒక్కొక్క పలక మోసుకొచ్చి వాకిట్ల బండల మీద పరిచిన. మిరపకాయలు తిరగేసినట్టు పొద్దున ఒకసారి, పగటీలి ఒకసారి తిరగేసిన. మీ మామ వచ్చి మెచ్చుకుంటడని లోపల ఒకటే సంబురం.

మూడో రోజు టప్ టప్ అని చప్పుడు. పోయి చూస్తె కొసలు పగిలినయి. పలకలు అప్పడాల లెక్క మెలిపడ్డయి.

మీ మామ వచ్చి చూసిండు. తిట్టలే. తిట్టినా మంచిగుండేది. తెల్లారి సద్ది డబ్బ కట్టుమన్నడు, పాశమైలారం పోయిండు, కంపెనీల చేరతనని. నేను పొయ్యి కాడ కూసోని ఏడ్చిన. ఇగ నన్ను మా నాయిన ఇంటికి పంపుడే అనుకున్న.

అదే పొద్దున పెద్దాయన వచ్చిండు. ఒక పలక లేపి, ఒక కన్ను మూసి, కొస నుంచి కొస దాంక చూసిండు. "ఎవరు పెట్టిండ్రు ఎండకు?" అన్నడు. "నేనే. జల్దీ ఎండుతయని" అన్న. ఆయన నవ్విండు! "కమ్మరి పిల్ల, మంట కట్టెను పెట్టినట్టు పెట్టింది. ఇంట్లకు తెచ్చుకున్నం గని పని చెప్పలే. తప్పు మాది" అన్నడు. ఇప్పటికీ యాదికొస్తె కండ్లల్ల నీళ్ళొస్తయి. అగో, వచ్చినయి.

గప్పుడు చెప్పిండు. ఎండకు పెడితె మీది తడి ఉరికిపోతది, లోపలిది లోపల్నే ఉంటది, అందుకే పగులుతది. నీడకు పెడితె లోపలా మీదా కలిసి మెల్లగ ఆరుతది. "పొడుగు పలకల వంకర కనబడ్తది, జానెడు ముక్కల ఎక్కడ కనబడ్తది?" అని, తిన్నగున్నయి చట్రాలకు తీసి, మిగిలినయి ఆ చట్రాల నడుమ బిగించే చిన్న ముక్కలు చేద్దామన్నడు. నా చేతికి సుద్ద ఇచ్చిండు. "వేలుతోని కొట్టి చూడు. ఖంగుమన్న కాడ గీత పెట్టు, చప్పుడు పగిలినట్టొస్తె విడిచిపెట్టు." సమ్మెట చప్పుడు వినుకుంట పెరిగిన చెవులు నావి. ఒక్క పూటల పట్టేసిన.

పగటీలికల్లా మీ మామ వాపసు. చేరలే! గేటు కాడ సామాన్ల పెట్టెలు చూసిండట, పచ్చి కట్టెకు మొలలు కొట్టిండ్రు, ఆరినంక మొలలు ఊడిపోతయని వాళ్ళతోని లొల్లి పెట్టుకొని వచ్చిండు. నౌకరికి పోయినోడు చేసే పనేనా అది! వచ్చి, నేను పెట్టిన గీతల మీద తాను గూడ కొట్టి చూసిండు. ఒక్కటి తప్పు రాలే. రంపం తీసిండు.

పెద్దాయన సారుకు ఉన్నదున్నట్టు చెప్పిండు. సారు మొహం మాడ్చుకున్నడు. ముక్కలు మల్ల నీడకు ఆరినంక, దసర దాటి తలుపులు బిగించినం. సారు తలుపును చేత్తోని రెండుసార్లు నిమిరిండు. ఆ వాడల ఇంకో ముగ్గురు గసొంటి తలుపులే కావాలన్నరు. కొట్టం నిలబడ్డది. గప్పటి సంది కట్టె పేర్చుడు, కొట్టి చూసుడు నా పనే. మీ మామ నన్ను అడగంది ఒక్క పలక ముట్టడు.

నిన్న చూసిన చూపు నీ మీద కాదు, నా మీదనే బిడ్డా. నాలుగు నెలలాయె, నీకు చెప్పకపోతిని. తప్పు నాది.

లే, ఒక్కసారి లే. నువ్వు కూసున్న పీట తిరగెయ్యి. పగులు కనబడ్డదా? గదే టేకు. అన్నిటికన్న ఎక్కువ పగిలిన ముక్క. పెద్దాయన అడ్డం బద్ద కొట్టి నాకు చేసిచ్చిండు, దీని మీద కూసొనే పని నేర్చుకో అని. ముప్పై ఏండ్లు దాటింది, ఇప్పటికి కిర్రుమనలే. ఇగ నీదే. చల్లగుండు తల్లీ, నీ చెవులు నాకన్న మంచిగ పని చెయ్యాలె. గా సుద్ద తీస్కో, పా. ముందుగాల గా గోడ దిక్కున్న పలక కొట్టు. ఆఁ, ఇంకోసారి... ఖంగుమన్నదా, పగిలినట్టొచ్చిందా? నేను చెప్ప. నువ్వే చెప్పు.