పులి కాపలా కాసిన డిస్కు

సమ్మయ్య జేబుల చెయ్యి పెట్టంగనే ఇప్పుడు ఇస్తడనుకున్నది రాజమ్మ. బయటికొచ్చింది దస్తీ. మొఖం తుడుసుకున్నడు, మెడ తుడుసుకున్నడు, దస్తీని మంచిగ మడతపెట్టి మళ్ల అదే జేబుల పెట్టుకున్నడు.

"వినాయక్, ఒక చాయ్ కొట్టురా. అల్లం గట్టిగ దంచు. తిరిగి తిరిగి నాలుక పిడచ కట్టింది."

డిస్కు ఆ జేబులనే ఉన్నది. అంగీ మీదికెల్లి దాని నాలుగు మూలలు కనబడుతనే ఉన్నయి. రాజమ్మ బెంచీ చివర కూసున్నది, లేచింది, మళ్ల కూసున్నది. అడుగుదామంటే నలుగుర్ల ఆమెకు మాట పెగలదు.

చంద్రపూర్‌ల బల్లార్‌షా రోడ్డు మీద వినాయక్ చాయ్ దుకాణం, దాన్ని ఆనుకొనే తిరుమలేష్ పాటలు పట్టే రికార్డింగు గది. గది గడప కాడ పాత రికార్డరు బోర్ల పడి ఉన్నది, కడుపు మూత ఊడదీసి. పక్కన తిరుమలేష్ స్క్రూడ్రైవర్ పట్టుకొని కూసున్నడు. లోపల కూలర్ ముందట రాజమ్మ అత్త నాగేశ్వరమ్మ, ఊరికి పోయే సంచి ఒళ్లె పెట్టుకొని.

కోర్పనా దిక్కు మన తెలుగోళ్ల ఊళ్లల్ల పెండ్లయినా నాట్లయినా నాగేశ్వరమ్మనే పాట ఎత్తుకోవాలె, తక్కిన ఆడోళ్లు అందుకోవాలె. ఇప్పుడు ఆ గొంతుల గడ్డ లేచింది. రేపు నాగపూర్‌ల ఆపరేషన్. తర్వాత గొంతు గిట్లనే ఉంటదా అని అడిగితే డాక్టరు అవుననలేదు, కాదనలేదు. పొద్దు గూకకముందే బస్సెక్కాలె. ఆ లోపల నాలుగు పాటలన్న పట్టిపెట్టాల్నని రాజమ్మ ఆరాటం. ఫోన్ల పట్టి చూసింది. ఇంటే అందుల బొగ్గు లారీల హారన్లే పాడినయి, అత్త పాడలే.

తిరుమలేష్ రికార్డరు అట్ల కాదు. దాంట్ల ఎనిమిది గదులుంటయట, ఒక్కొక్క గొంతును ఒక్కొక్క గదిల వేరేగ పెడుతదట. ఆడోళ్లంత తునికాకు కోతకు పోయిండ్రు గనుక ఇయ్యాల నాగేశ్వరమ్మ ఒక్కతే పాడితే, వాళ్లు తిరిగొచ్చినంక తక్కిన గదులల్ల వాళ్లను కూసోబెట్టొచ్చు. అంత సక్కని మిషన్‌కు సరిగ్గ ఇప్పుడే లోపలి హార్డ్ డిస్కు సచ్చింది. కొత్త డిస్కుల మూతి దానికి అతకది. పాత డిస్కు నేను తెస్తనని సమ్మయ్య ఛాతీ కొట్టుకొని పోయిండు. వచ్చిండు. వచ్చినోడు ఇయ్యకుంట చాయ్ ఊదుకుంట కూసున్నడు.

"చెల్లె, డిస్కంటే బజార్ల వంకాయ అనుకున్నవా?" అని మొదలుపెట్టిండు. "గాంధీ చౌక్ కాడ కంప్యూటర్ దుకాన్‌కు పోయిన. ఆయన నన్ను కిందికెల్లి మీదికి చూసి, కాకా, గీ రెండు వరసల పిన్నులవి నడిచిన కాలంల నేను చెడ్డి గూడ ఏసుకోలే అన్నడు. సరే అని బామ్నిల పాతసామాన్ల కొట్టుకు పోయిన. ఇనుప కుప్పల మోచేతులదాక చేతులు పెట్టి, దేవి దేవి, ఒక్కటి పట్టిన. నలభై జీబీ."

"నలభై!" తిరుమలేష్ లేచి నిలబడ్డడు. "గదే కాకా, గదే కావాలె. తే."

రాజమ్మ పాణం లేచొచ్చింది. కని వినాయక్ ఊకుండొద్దా? గ్లాసులు కడుక్కుంట, "బామ్నియేనా? గింతే? సైకిల్ మీద పోతే మా బావమరిది గూడ తెస్తుండె" అన్నడు.

సమ్మయ్య మొఖం మాడిపోయింది. జేబుమీదికి పోయిన చెయ్యి ఆగిపోయింది.

"గింతేనా అంటవా? అది ఒక లెక్కనా? దాన్ని ఆడనే ఇసిరికొట్టిన! మా నాగేశ్వరమ్మ పెద్దమ్మ పాటకు కుప్పల సామాన్ పెడుతనా? సీదా ఉప్పర్వాహి పోయిన, సిమెంటు ఫ్యాక్టరీకి. ఆడ జయప్రకాశ్ అని మన తెలుగు ఇంజనీరు, నన్ను అడగకుంట మిషన్ బటన్ వత్తడు. సార్, సిమెంటు కాల్చే మీ భట్టీ నడిపే కంప్యూటర్ల పాత డిస్కు ఉన్నది, నాకు కావాలె అన్న. ఆయన చేతులు జోడించి, సమ్మయ్యా, అది తీస్తే భట్టీ ఆగుతది, భట్టీ ఆగితే దేశంల ఇండ్లు కట్టుడు ఆగుతది అన్నడు. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా?"

"చెప్పు" అన్నడు వినాయక్.

"భట్టీ నడుస్తనే ఉన్నది, నేను డిస్కు గుంజిన! కండ్లు మూసి తెరిచేలోపల! మరి అది లేకుంట భట్టీ ఎట్ల నడిచిందంటవా, భట్టీకి తెల్వనే లేదు. ఎనభై జీబీ!"

"కాకా, ఎనభై..." అన్నడు తిరుమలేష్, చెయ్యి కిందికి దించి.

"ఆగు బిడ్డా, అయిపోలే."

రాజమ్మ రోడ్డు దిక్కు చూసింది. నీడలు సాగుతున్నయి. నాగపూర్ బస్సొకటి దుమ్ము లేపుకుంట పోయింది, వాళ్లెక్కేది దాని ఎనకాలదే. లోపల నాగేశ్వరమ్మ మెల్లగ దగ్గింది. ఆ దగ్గు ఇనంగనే రాజమ్మ కొంగు కొసను వేలికి చుట్టింది, విప్పింది, మళ్ల చుట్టింది. సమ్మన్న మంచోడే. ఎవలకు ఏ కష్టమొచ్చినా మొదాలు ఉరికేది ఆయనే. కని ఆయన పని చేసుకొచ్చేదాని కంటె అది చెప్పుడు పెద్ద పని, మధ్యల ఆపితే మళ్ల మొదటికెల్లి ఎత్తుకుంటడు.

"ఎనభై చేతుల పట్టుకొని వస్తుంటె," సమ్మయ్య చాయ్ గ్లాసు కింద పెట్టి రెండు చేతులు ఖాళీ చేసుకున్నడు, "సాస్తి బొగ్గు ఖదాన్‌ల ఇంకా పెద్దది ఉన్నదని తెలిసింది. యాడ ఉన్నది? ఖదాన్ అడుగున, బొగ్గు గని పాతాళంల! దిగిన. దిగుడంటే గట్ల ఇట్ల దిగుడు కాదు, ఆ లోతుల కెల్లి మీదికి చూస్తె సూర్యుడు చిల్లర పైసంత. ఎండకు బొగ్గు తనంతట తానే అంటుకుంటున్నది, నా చెప్పులు కరిగి పాదాలకు లేపనం లెక్క పట్టినయి. ఆడ ఒక పాడుపడ్డ గదిల కంప్యూటర్. దాని మీద కాలు మీద కాలేసుకొని పులి!"

"కాయ్ సాంగ్తోస్, ఏం చెప్తున్నవ్!" వినాయక్ గ్లాసు నీళ్లల్లనే ఇడిచిపెట్టిండు. "పులి ఏమన్నది?"

"ఏమంటది, గుర్రుమన్నది. పక్కకు జరుగమ్మా అని తెలుగుల చెప్పిన, ఇంట లేదు. అప్పుడు తట్టింది నాకు, గిది ఇక్కడి పులి, దీనికి మరాఠీ తప్ప తెలుగేడ వస్తది? 'వాఘోబా, జరా సరకా నా' అన్న. సక్కగ లేచి జరిగింది! నేను స్క్రూలు ఇప్పుతుంటె ఒక్కొక్క స్క్రూ పంజాల పట్టుకొని నిలబడ్డది, మట్టిల పడితే దొరకయని. ఐదు వందల జీబీ!"

"ఐదు వందలా?" తిరుమలేష్ రికార్డరు మూత చేతికి తీసుకున్నడు.

"ఐదు వందలని దాని మీద రాసి ఉన్నది. కని వర్ధా నది వంతెన దాటేటప్పుడు ఎండకు అది ఉబ్బింది. మన చంద్రపూర్ ఎండ సంగతి నీకు చెప్పాల్నా? ఉబ్బి ఉబ్బి రెండు వేలయ్యింది! జేబుల పట్టకుంటె ఆ పులే ఇంత దూరం ఈపు మీద ఏసుకొచ్చి, నిన్ను చూసి ఊరోళ్లు భయపడుతరు పొమ్మంటె పోయింది. రెండు వేల జీబీ తమ్మీ! ఇందుల నాగేశ్వరమ్మ పెద్దమ్మ పాటలు, ఆమె తల్లి పాటలు, ఇంకా పుట్టనోళ్ల పాటలు గూడ పడుతయి. పట్టినంక గూడ ఎడ్లబండి మలుపుకునే జాగ ఉంటది!"

చెప్పి చుట్టూ చూసిండు, చప్పట్లు కొడుతరేమో అన్నట్టు. తిరుమలేష్ మాత్రం కింద కూసొని రికార్డరు మూత పెట్టి స్క్రూ బిగిస్తున్నడు.

"ఏందిరా, మూస్తున్నవు?"

"ఏం చెయ్యమంటవు కాకా. ఇది పాత మిషన్. దీనికి అరవై దాటి లెక్క రాదు. అరవై దాటిన డిస్కు పెడితే లోపల ఏం లేదంటది. చిన్నది తే, ఎంత చిన్నదైతె అంత మంచిదని పోయేటప్పుడు చెప్పలేనా? రెండు వేలదాన్ని నేనేం చేసుకోను?" రెండో స్క్రూ తిప్పిండు. "రాజమ్మక్కా, పెద్దమ్మను బస్సు కాడికి తీస్కపో. ఆపరేషన్ అయినంక చూద్దాం."

ఆపరేషన్ అయినంక. ఆ మాట ఇనంగనే రాజమ్మ లేచింది. ఎట్ల లేచిందో ఆమెకే తెల్వదు. వచ్చి సమ్మయ్య ముందట నిలబడి చెయ్యి చాపింది.

"అన్నా, ఆ రెండు వేలది పులికి తిరిగి ఇచ్చిరా. ఐదు వందలది ఖదాన్‌ల పెట్టిరా. ఎనభైది భట్టీకి ఇచ్చెయ్యి. నాకు ఆ బామ్ని కుప్పలది కావాలె."

ఆమె నోట గన్ని మాటలు ఒక్కసారి ఇన్నోళ్లు లేరు. వినాయక్ నవ్వబోయి ఆపుకున్నడు.

"బామ్నిది ఇసిరికొట్టిన అన్న గద చెల్లె," అన్నడు సమ్మయ్య, నేల చూసుకుంట.

"యాడ ఇసిరికొట్టినవు? జేబులనా?"

సమ్మయ్య చెయ్యి జేబుమీద పడ్డది. ఆయన గొంతు ఇప్పుడు బజారు గొంతు కాదు. "ఇస్త చెల్లె. పెడితే నడవకపోతె? కుప్పల సామాన్ అది, సచ్చిందో బతికిందో ఎవలకెరుక? నడవకపోతె పెద్దమ్మకు ఏం మొఖం చూపెట్టాలె? జేబుల ఉన్నంతసేపు నడుస్తదనే ఉంటది గదా అని..."

లోపల కెల్లి నాగేశ్వరమ్మ గొంతు వచ్చింది, బొంగురుగ. "నడవకపోతె అప్పుడు చెప్పు నీ పులి కత. నాగపూర్ దాక ఇనుకుంట పోత. ముందుగాల్ల అది ఇయ్యిరా సమ్మయ్యా."

జేబుల దస్తీ కింది కెల్లి అది బయటికొచ్చింది. అరచెయ్యంత, తుప్పు మరకలతో. తిరుమలేష్ గీకి చదివిండు. "నలభై."

"మరి పులి?" అన్నడు వినాయక్.

"పిల్లి," అన్నడు సమ్మయ్య. "కొట్టుల ఒక పిల్లి ఉండె. కుప్ప మీద పండుకున్నది. జరుగుమంటె జరగలే."

స్క్రూలు మళ్ల ఊడినయి. డిస్కు లోపలికి పోయింది. కరెంటు పెట్టంగనే టిక్కుటిక్కుమన్నది, ఆగింది, అందరి పాణాలు ఆగినయి, మళ్ల సన్నగ గుయ్యిమన్నది. ఇది నాకు సరిపోతది, లోపలున్నది తుడిచెయ్యాల్నా అని మిషన్ అడుగుతుందని తిరుమలేష్ చెప్పిండు. "తుడువు తమ్మీ, తుడువు," అన్నది రాజమ్మ.

కూలర్ బందు పెట్టిండ్రు, తలుపు మూసిండ్రు. గది ఉక్కపోసింది. తిరుమలేష్ మైకు సరిచేసి చెప్పిండు: "పెద్దమ్మా, ఒక వరస పాడు. ఆడోళ్లు అందుకునే కాడ ఆగు, వాళ్లు పాడేంతసేపు ఖాళీ ఇడువు. తర్వాత వాళ్లొచ్చి ఆ ఖాళీల నిండుతరు. మిషన్ మీది ఎర్రలైటు బుగ్గ ఎలిగినంక ఎవలూ సప్పుడు చెయ్యొద్దు."

బుగ్గ ఎలిగింది. నాగేశ్వరమ్మ కండ్లు మూసుకొని, గడ్డ ఉన్నదా లేదా అన్నట్టు ఒక వరస పాడింది. పాడి ఆగింది, అలవాటు ప్రకారం, కనబడని ఆడోళ్ల కోసం.

గది నిండ నిశ్శబ్దం. అంత ఖాళీ జాగను చూసి సమ్మయ్య తట్టుకోలేకపోయిండు. "ఆ తర్వాత ఏమై..." అందామని పెదవులు ఇప్పనే ఇప్పిండు.

నాగేశ్వరమ్మ కండ్లు తెరవకుంటనే చెయ్యి చాపి ఆయన నోరు మూసింది. మూసిన చెయ్యి తియ్యకుంట రెండో వరస ఎత్తుకున్నది.