పాత పైపు

కోరుట్లలో ఒక కార్ల షెడ్డు. బానెట్ ఎత్తిన పాత టాక్సీ ముందు మెకానిక్, డ్రైవరు నిలబడి ఉన్నారు.

"టర్బో ఒక్కటే మార్చన్నా. ఆయిల్ పైపు పాతదే ఉండనీ."

"పైపు నిండ మసి పేరుకున్నది తమ్మీ. ఆయిల్ అందక కొత్త టర్బో గూడ యేడాది తిరగకముందే పోతది."

"పోనీ. అప్పటికి నేను దుబాయిల ఉంట."

"మరి బండి?"

"సిరిసిల్లాయన కొంటున్నడు. నేత సాంచెలు అమ్ముకున్నడట, టాక్సీ నడుపుకుంటడట."

"గసొంటోనికి గీ బండి అంటగడ్తవా?"

"నాకు అంటగట్టినోడు మస్కట్ల ఉన్నడు. కొత్త టర్బో ఏపిచ్చిన అన్నడు, పైపు సంగతి చెప్పలె."

"మరి సిరిసిల్లాయన ఏం గావాలె?"

"ఆయన గూడ టర్బో మార్పిచ్చి, ఎవనికో అమ్మి, మా లెక్కనే పోతడు. నువ్వు బిగియ్యన్నా."